ఎడమచేతి మడత

ఆత్రేయపురం
5 జూలై 2025, శనివారం

శ్రీ వేంకటేశాయ నమః

ప్రియమైన సూర్యకళకి,

మొన్న నువ్వు ఫోను చేసి పది నిమిషాలు మాట్లాడావు. అందులో ఆరు నిమిషాలు "ఆఁ? ఏంటి? గట్టిగా మాట్లాడవే" అనడానికే సరిపోయింది. నా గొంతు అంతే కదా. చిన్నప్పుడు బళ్ళో హాజరు పలికితే మాస్టారికి వినపడక నా పేరు కొట్టేయబోయేవారు. నువ్వు లేచి "ఉందండి" అని అరిచేదానివి. అందుకే చెప్పాలనుకున్నవన్నీ ఇలా కాగితం మీద పెడుతున్నాను.

వాడపల్లి వెంకన్నకి ఏడు శనివారాలు మొక్కుకున్నాను. ఇవాళ మూడోది. ప్రదక్షిణలు చేసి వచ్చి, కాళ్ళు చాపుకుని రాస్తున్నాను. ముసురు పట్టి కొబ్బరాకులు తడిసిపోయాయి. పొయ్యి మండదు, కుండ వేడెక్కదు, రేకు సరిగ్గా ఊడి రాదు. ఈ నాలుగు నెలలూ పూతరేకులవాళ్ళకి పరీక్షే.

నూకరత్నం లేకపోతే నా పని ఏమయ్యేదో. ఆ అమ్మాయి గురించి నీకు రాయలేదు కదా. రేవు దగ్గర చేపలు పట్టేవాళ్ళ కోడలు. నాలుగేళ్ళుగా నా పక్కన కూర్చుని రేకులు తీస్తోంది, చుడుతోంది. భర్త వీరబాబు పడవ మీద వెళ్తాడు. ఇప్పుడు పులసల రోజులు కనుక పొద్దున్నే అత్తగారి గంప మోసి, తొమ్మిదింటికి నా దగ్గరికి వస్తుంది. చింతపండూ ఉప్పూ వేసి చేతులు తోముకుని, నిమ్మాకు నలిపి రాసుకుని, మళ్ళీ మా పెరట్లో సబ్బుతో కడుక్కుంటేగానీ కుండ దగ్గర కూర్చోదు. ఎవరూ చెప్పలేదు, తనకే ఆ పట్టింపు. నిన్న ఊరుకోలేక, "ఏమమ్మాయ్, చేతులు వాసనొస్తున్నాయి, ఇవాళ రేకులో బెల్లం పెడుతున్నామా, పులస పెడుతున్నామా?" అన్నాను. "పులస పెడితే మన రేకు వెయ్యి రూపాయలు పలుకుద్దండి అక్కగారూ" అంది. ఇద్దరం నవ్వలేక చచ్చాం. తను నలిపి రాసుకున్న నిమ్మాకు తప్ప అక్కడ ఏ వాసనా లేదు.

అసలు సంగతికి వస్తాను. మీ చేతివంటల మహిళా సమాఖ్య కాగితం మా ఊరికీ వచ్చింది. కాకినాడలో కట్టిన కొత్త హాల్లో పూతరేకులకి ఒక్కటే కొట్టు ఇస్తారట. పెట్టెల మీద పేర్లుండవట, నంబర్లేనట. ముగ్గురు రుచి చూసి మార్కులు వేస్తారట. ఆ ముగ్గురిలో నువ్వూ ఉన్నావని మా అబ్బాయి మణిదీప్ చెప్పాడు. నేను ఒక పెట్టె పంపుతున్నాను. నూకరత్నం కూడా పంపుతోంది. తన పేరు మీద ఒక కాగితం నింపడం దానికి ఇదే మొదటిసారి.

ముప్పై ఏళ్ళుగా నేను చుట్టిన రేకులు వేరే కొట్ల పేర్లతో అమ్ముడుపోయాయి. ఒక్క బోర్డు మీద నా పేరు చూసుకోవాలని ఉంది. అయినా నా నంబరు నీకు చెప్పను. నువ్వూ అడగకు.

ఆదివారాలు మణిదీప్‌కి నువ్వే అన్నం పెడుతున్నావట. వాడికి మీ ఊళ్ళో ఫ్యాక్టరీలో పని ఇప్పించిన మీవారు చంద్రరావు అన్నయ్యగారికి నా నమస్కారాలు చెప్పు.

నీ
రత్నమాణిక్యం


కాకినాడ
14 జూలై 2025

ఒసేయ్ మాణిక్యం,

నంబరు చెప్పదట ఈవిడ. నీ నంబరు ఎవడికి కావాలే. లోకంలో అందరూ రేకు మడత కుడివైపుకి ముగిస్తారు. నువ్వొక్కదానివే ఎడమవైపుకి ముగిస్తావు. నా కళ్ళకి గంతలు కట్టి వేలితో తడమమన్నా నీ రేకు ఏదో చెబుతాను. మూడో తరగతిలో ఆ మాస్టారు నీ ఎడమచెయ్యిని రిబ్బనుతో బల్లకి కట్టేస్తే, కింద నుంచి ముడి విప్పింది ఎవరు? నీ ఎడమచేతి మీద నాకు హక్కుందే.

నువ్వు మరీ పూజగదిలో దీపంలా ఉంటే కుదరదు. ఇక్కడ సంగతులు నీకేం తెలుసు? పచ్చళ్ళ కొట్టు మా అధ్యక్షురాలి ఆడపడుచుకి వెళ్ళింది. పిండివంటల కొట్టు ఆవిడ స్నేహితురాలికి. ఎవరైనా అడిగారా? అందరూ మొహమాటస్తులే. ఇన్నాళ్ళూ నేను ఎవరి కోసమూ నోరు తెరవలేదు. పూతరేకుల కొట్టు నా వంతు. దీన్ని మాట సాయం అంటారు. మనవాళ్ళకి మనం చేసుకోకపోతే ఎవరు చేస్తారు?

నీ నూకరత్నం మాటలు చంద్రరావుగారికి చదివి వినిపించాను. పులస రేకు దొరికితే రెండు డజన్లు పంపమన్నారు.

నీ
సూర్యకళ


ఆత్రేయపురం
2 ఆగస్టు 2025, శనివారం

శ్రీ వేంకటేశాయ నమః

ప్రియమైన సూర్యకళకి,

ఏడో శనివారం పూర్తయింది. పెట్టెలు మొన్ననే ఇచ్చేశాం, నేనూ నూకరత్నమూ. ఈ ఒక్క పెట్టె చుట్టడానికి నాకు మూడు రోజులు పట్టింది. మామూలుగా అయితే గంట పని.

నువ్వు రాసింది చదివి నవ్వుకున్నాను. తరవాత నిద్ర పట్టలేదు. మడత ఎటు తిరిగిందో చూడకు సూర్యకళా. నోట్లో పెట్టుకో. రేకు నాలుక మీద కరిగిందా, అట్టలా అతుక్కుందా, అది చూడు. అంతే నేను కోరేది.

ఇంకేం రాయాలో తోచడం లేదు. వరద నీరు ఎర్రగా వస్తోంది.

నీ
మాణిక్యం


కాకినాడ
18 ఆగస్టు 2025

మాణిక్యం,

నువ్వు చేసిన పని ఏమైనా బాగుందా? ఇరవై మూడు పెట్టెలు విప్పారు. ఏడో నంబరు పెట్టెలో మడతలన్నీ ఎడమవైపే. నా ప్రాణం లేచొచ్చింది. పదికి పది వేశాను. విచిత్రం ఏంటంటే, మిగతా ఇద్దరూ నన్ను సంప్రదించకుండానే ఏడుకే అందరికన్నా ఎక్కువ వేశారు. నేను అసలు వేయకపోయినా ఏడే గెలిచేది. మా మాణిక్యం చెయ్యంటే ఏమనుకున్నారు అని లోలోపల పొంగిపోయాను.

తీరా కవరు విప్పితే, నూకరత్నం, భర్త వీరబాబు, రేవు వీధి.

నీ పెట్టె పదహారు. దానికి నేను నాలుగు వేశాను. మడతలు వంకరగా ఉన్నాయి, ఎవరో కొత్తగా నేర్చుకున్నవాళ్ళు చుట్టారు అని పక్కావిడతో అన్నాను కూడా. ఇప్పుడు నా మొహం ఎక్కడ పెట్టుకోను? నీ మడత ఆ అమ్మాయి పెట్టెలోకి ఎలా వెళ్ళింది? నువ్వే చుట్టి ఇచ్చావా?

వెంటనే రాయి.

సూర్యకళ


ఆత్రేయపురం
25 ఆగస్టు 2025

శ్రీ వేంకటేశాయ నమః

ప్రియమైన సూర్యకళకి,

నేను చుట్టి ఇవ్వలేదు. నూకరత్నం నా పక్కన కూర్చుని నా చెయ్యి చూసి నేర్చుకుంది. దానిది కుడిచేతివాటమే, అయినా మడత మాత్రం నాలాగే ఎడమకి తిప్పుతుంది. మార్చుకోవే, నీకు కష్టం అంటే, "మీరు తిప్పినట్టు తిప్పితేనే నాకు కుదురుతాదండి" అంటుంది.

నా పెట్టె నేను కుడిచేత్తో చుట్టాను. నువ్వు గుర్తుపట్టకూడదని. మూడు రోజులు అందుకే పట్టింది. ఎన్ని రేకులు చిరిగాయో. నీతో ముందే చెప్పి ఉండాల్సింది. చెబితే పదహారు కోసం చూస్తావని భయపడ్డాను.

నీ మార్కులు తీసేసినా నూకరత్నమే గెలిచిందని నువ్వే రాశావు. అది చదివి స్వామికి దణ్ణం పెట్టుకున్నాను. ఫలితం తెలిసిన రోజు ఆ అమ్మాయి తన కుండకి పసుపు రాసి బొట్టు పెట్టింది. "కొట్టుకి మీ పేరు కూడా కలిపి పెడదామండి అక్కగారూ" అంది. వద్దన్నాను.

నీ దగ్గర దాచడం ఎందుకు, కాస్త బాధేసింది. ఆ బోర్డు గురించి ఎన్నాళ్ళుగానో అనుకున్నాను. అదీ పోతుందిలే. వినాయక చవితి పనుల్లో పడితే అన్నీ మరిచిపోతాను.

నీ
మాణిక్యం


కాకినాడ
12 సెప్టెంబరు 2025

మాణిక్యం,

బాధేసిందన్నావు. నాకు ఆ ఒక్క మాట చాలు.

సర్దేశాను. ఆ నూకరత్నం తప్పుకుంది. వివరాలు అడగకు, అన్నీ కమిటీలో పద్ధతి ప్రకారమే జరిగాయి. కొట్టు నీ పేరు మీద రాశారు. తాళంచెవి ఇందులో పెడుతున్నాను. దసరాకి తెరవాలి. బోర్డు మీద "రత్నమాణిక్యం పూతరేకులు" అని రాయించమన్నాను, పసుపు రంగు మీద ఎర్ర అక్షరాలు.

ఇక నువ్వు కుడిచేత్తో చుట్టే పిచ్చిపనులు మాను. నీ మీద నాకు ఇంకా కోపం పోలేదు.

నీ
సూర్యకళ


ఆత్రేయపురం
27 సెప్టెంబరు 2025, శనివారం

సూర్యకళకి,

నువ్వు పంపిన తాళంచెవిని దేవుడి గూట్లో పెట్టాను. రెండు రోజులు దానికి పువ్వు కూడా పెట్టాను. అది ముందు చెప్పుకోవాలి.

అది రాకముందు నుంచే నూకరత్నం పనికి రావడం లేదు. జ్వరమేమో అనుకున్నాను. అలా అనుకుంటే నాకు సుఖంగా ఉంది, అందుకే వెళ్ళి చూడలేదు. నిన్న ఇక ఉండలేక రేవుకి వెళ్ళాను. వీరబాబు వల బాగుచేసుకుంటున్నాడు. నన్ను చూసి లేచి లోపలికి వెళ్ళిపోయాడు. నూకరత్నం కుర్చీ తెచ్చి వేసింది. మంచినీళ్ళిచ్చింది. మర్యాదలో ఏ లోటూ లేదు.

"తప్పుకున్నావట, నాతో ఒక్క మాటైనా అనలేదేం?" అన్నాను.

"నేను తప్పుకోవడమేంటండి? తప్పించారు."

"ఎందుకు?"

"మీకు తెలీదాండి?" అంది. నా మొహం చూసి, నిజంగానే తెలియదని నమ్మిందో లేదో, నెమ్మదిగా చెప్పింది. "కాకినాడ రమ్మని కబురు పెట్టారండి. హాల్లో ఇరవై మంది ఆడోళ్ళున్నారు. ఒకావిడ నా చేతులు చూపించమంది. చూపించాను. ఇటూ అటూ తిప్పమంది. తిప్పాను. అప్పుడు సూర్యకళగారు ఉత్తరం తీసి చదివారు. చేపల గంప మోసి వత్తాదని. చేతులు వాసనొత్తన్నాయని. రేకులో పులస పెడుతున్నామా అని."

మంచినీళ్ళ గ్లాసు కింద పెట్టేశాను.

"పక్కనే నించున్నానండి. ఆ అక్షరాలు నాకు తెలుసు. సరుకుల చీటీ రాసిచ్చేది మీరే కదా, అక్షరాలన్నీ ఎడమకి వాలిపోయి ఉంటాయి."

"చింతపండుతో తోముకుంటావని, నిమ్మాకు రాసుకుంటావని కూడా రాశాను. అది చదవలేదా?"

"లేదండి. అది చదవలేదు."

"నవ్వుకి రాశాను నూకరత్నం."

"అవునండి. నవ్వారు. అందరూ నవ్వారు."

తిట్టినా బాగుండేది.

సూర్యకళా, ఆ ఉత్తరం నేను నీకు రాశాను. కమిటీకి కాదు. నలభై ఏళ్ళుగా నీకు ఏం రాసినా నా దగ్గర నేను మాట్లాడుకున్నట్టే రాశాను. మా అత్తగారి మీద కోపం, మా ఆయన మీద అలక, ఎవరికీ చెప్పుకోలేనివన్నీ నీ పెట్టెలో ఉన్నాయి. వాటిలో ఇంకెన్ని కత్తిరించి ఎవరికి చదివి వినిపిస్తావోనని రాత్రి నుంచీ ఒక్కొక్కటే గుర్తు చేసుకుంటున్నాను. భయంగా ఉంది. నీ గురించి భయపడవలసి వస్తుందని ఏనాడూ అనుకోలేదు.

నువ్వు దీన్ని మాట సాయం అన్నావు. మనవాళ్ళు అన్నావు. మీ హాల్లో మొహమాటం అంటారన్నావు. పదో తరగతిలో మనకి ఆశ్రిత పక్షపాతం అనే మాటకి అర్థం పదిసార్లు రాయించారు, గుర్తుందా? తన వాళ్ళనుకున్న వాళ్ళకి న్యాయం తప్పి మేలు చేయడం. అది రాజులూ మంత్రులూ చేసే పని అనుకున్నాను. ఇద్దరు ఆడవాళ్ళు ఉత్తరాల్లో చేసుకుంటారని అప్పుడు తెలియలేదు.

ఎందుకు చేశావు? నాకు జవాబు కావాలి.

రత్నమాణిక్యం


కాకినాడ
6 అక్టోబరు 2025

మాణిక్యం,

దసరా పూట నీ ఉత్తరం వచ్చింది. ఆ రోజు నాకు అన్నం సహించలేదు.

ఎందుకు చేశానా? నీకోసం. నా కోసమైతే కాదు కదా. అందులో నాకేం వచ్చింది? నేను ఒక్క అక్షరం కూడా కల్పించలేదు. నువ్వు రాసిందే చదివాను. రాయకుండా ఉండాల్సింది.

నాకు ఆ అమ్మాయి మీద పగ లేదు. ఆమె ఎవరో నాకు తెలియదు. నువ్వు తెలుసు. నాకు తెలిసినవాళ్ళనీ తెలియనివాళ్ళనీ ఒకేలా చూడమంటే నేను మనిషినే కాను. నువ్వూ అంతే. మొహమాటం లేకుండా అడుగుతున్నాను. మూడేళ్ళ క్రితం ఫ్యాక్టరీ ఉద్యోగాల జాబితాలో మణిదీప్ పేరు అడుగున ఉంటే చంద్రరావుగారు వెళ్ళి మాట్లాడి పైకి ఎక్కించారు. అప్పుడు నువ్వు నాకు ఆత్రేయపురం నుంచి నాలుగు పెట్టెలు పంపావు. అప్పుడు ఆ పదో తరగతి మాట ఎందుకు గుర్తు రాలేదు? నీకు కావలసినప్పుడు అది మాట సాయం, అక్కర్లేనప్పుడు పక్షపాతమా?

కొట్టు ఇంకా తెరవలేదని అధ్యక్షురాలు అడుగుతోంది. జరిగిందేదో జరిగింది. దీపావళికైనా వచ్చి తెరువు. ఆ అమ్మాయిని నీ కొట్టులోనే పనికి పెట్టుకో, అందరికీ బాగుంటుంది. నలభై ఏళ్ళ స్నేహం ఒక కొట్టు కోసం పోగొట్టుకోకు.

సూర్యకళ


ఆత్రేయపురం
18 అక్టోబరు 2025, శనివారం

శ్రీ వేంకటేశాయ నమః

కాకినాడ చేతివంటల మహిళా సమాఖ్య సభ్యురాలు శ్రీమతి సూర్యకళగారికి నమస్కారములు.

ఈ ఉత్తరం నలుగురిలో చదవాలని రాస్తున్నాను. అందుకే గారు పెట్టాను.

జూలై అయిదో తేదీన నేను మీకు రాసిన ఉత్తరంలో కొన్ని వాక్యాలు మీ హాల్లో చదివారు. మిగతా వాక్యాలు ఇవి. నూకరత్నం చింతపండు, ఉప్పు వేసి చేతులు తోముకుంటుంది. నిమ్మాకు నలిపి రాసుకుంటుంది. ఆ తరవాత సబ్బుతో కడుక్కుని కుండ దగ్గర కూర్చుంటుంది. నాలుగేళ్ళలో ఒక్కరోజు కూడా తప్పలేదు. నేను ఒక్కసారే కడుక్కుంటాను. చేతులు వాసనొస్తున్నాయన్నది నేను ఆడిన వేళాకోళం. ఆ మాట ఆడటం నా తప్పు. దాన్ని కాగితం మీద పెట్టడం ఇంకో తప్పు. ఇంకొకరి కష్టాన్ని నా స్నేహితురాలికి కబురుగా పంపి నవ్వించాలనుకున్నాను.

ఏడో నంబరు పెట్టెకి మీరు పది మార్కులు వేసింది రుచి చూసి కాదు, మడత చూసి. అది నా మడత అనుకుని. మీ మార్కులు లేకుండానే ఆ పెట్టె గెలిచిందని మీరే నాకు రాశారు. ఆ ఉత్తరం నా దగ్గర ఉంది. పచ్చళ్ళ కొట్టు, పిండివంటల కొట్టు ఎవరికి ఎలా వెళ్ళాయో రాసిన ఉత్తరం కూడా ఉంది. నేను ఏదీ కత్తిరించలేదు. రెండూ మొత్తంగా నకలు తీయించి, ఈ ఉత్తరంతో పాటు మిగతా ఇద్దరు న్యాయనిర్ణేతలకీ పంపాను.

మణిదీప్ విషయం అడిగారు. నిజమే. అప్పుడు నాకు ఆ మాట గుర్తు రాలేదు. గుర్తు రానివ్వలేదు. ఆ జాబితాలో మా అబ్బాయి పైకి ఎక్కితే కింద పడిన పిల్లవాడి పేరు నాకు తెలియదు. వాడికీ ఒక తల్లి ఉండి ఉంటుంది. ఆవిడ ఎవరికి ఉత్తరం రాసుకుందో. నేను మాత్రం మీకు నాలుగు పెట్టెలు పంపాను. మొన్న మణిదీప్ వస్తే వాడికీ ఇదంతా చెప్పాను. మీరు నాకు చేసింది మోసమని నేను ఏడ్చాను గానీ, అలాంటి మోసపు కూడు తినడం నాకు మూడేళ్ళ క్రితమే అలవాటైంది. అందుకే అంత తేలిగ్గా తాళంచెవికి పువ్వు పెట్టగలిగాను.

తాళంచెవి ఇందులో పెట్టాను. రిజిస్టరు పోస్టులో పంపుతున్నాను. కొట్టు నూకరత్నానిది. ఇస్తారో లేదో మీ ఇష్టం. ఇచ్చినా ఆ అమ్మాయి వస్తుందో లేదో నాకు తెలియదు. నేను అడగలేదు. అడిగే ముఖం లేదు.

మొన్న గురువారం వచ్చింది. పని కోసం కాదు. మా పెరట్లో ఉన్న తన కుండ కోసం. "కుండ పట్టుకెళ్తన్నానండి" అంది. పసుపు ఇంకా చెదరలేదు. నేను ఎత్తి ఇవ్వబోతే, "వద్దండి, నేను మోసుకుంటాను, అలవాటే కదా" అంది. గడప దాటాక ఆగి, "మడత మార్చుకుంటున్నానండి. కుడికి తిప్పుతున్నాను. ఇంకా సరిగ్గా రాడం లేదు, వస్తాది" అంది. నాలుగేళ్ళు మార్చుకోమంటే మార్చుకోలేదు.

సూర్యకళా, ఇక్కడి నుంచి నీతో.

మూడో తరగతిలో నువ్వు విప్పిన ముడి నాకు గుర్తుంది. చచ్చేదాకా గుర్తుంటుంది. అందుకే నువ్వు చదివావని నూకరత్నం చెప్పినప్పుడు, వేరే ఎవరో అయి ఉంటారని ఇంటికి వచ్చేదాకా అనుకుంటూ వచ్చాను.

నా పాత ఉత్తరాలన్నీ మూట కట్టి మణిదీప్‌కి ఇవ్వు. వాడు తెచ్చుకుంటాడు. ఇక నేను రాయను. ఫోను చేస్తే ఎత్తుతాను. నేనేమన్నానో నీకు వినపడదు, అంతే.

దీపావళి తరవాత మీ మీటింగు ఉందని తెలిసింది. ఈ ఉత్తరం అక్కడ నువ్వే చదవాలి. నా గొంతు మొదటి వరసకి కూడా చేరదు. నీ గొంతు ఆ హాలు చివరిదాకా వినపడుతుందని నూకరత్నం చెప్పింది. ఒక్క ముక్క వదలకుండా చదువు. ఇందులో ఎవరికీ నవ్వొచ్చే మాటలు లేవు.

రత్నమాణిక్యం